కారే పడవకి బొట్టు

జాలరి ఇంట్లో పుట్టినవాడికి పడవెక్కితే కడుపులో తిప్పకూడదు. నాకు తిప్పుతుంది. తీరం అలలు దాటేలోపే తిన్నదంతా సముద్రానికి అప్పగించేస్తాను. రెండుసార్లు చూసి మా నాన్న నన్ను ఒడ్డు మీదే వదిలేశాడు. ఆ ఒడ్డు నుంచి లోపలికి జరుగుతూ జరుగుతూ చివరికి రాజాంలో ఒక ధాన్యం కొట్లో గుమస్తాగా తేలాను. మా కుటుంబంలో చేతికి వల వాసన లేని మగవాణ్ణి నేనొక్కణ్ణే. దానికి బదులుగా చేతికి పుస్తకాల దుమ్ము ఉంది.

పదో తరగతితో బడి వదిలేశాను గానీ లైబ్రరీని వదల్లేదు. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పేపరు కోసం, తక్కిన వాళ్లు ఫ్యాను కోసం వస్తారు. బీరువా తాళం తియ్యమని అడిగేది నేనే. నన్ను చూడగానే లైబ్రేరియను నిట్టూర్చి తాళాల గుత్తి వెతుక్కోవడం మొదలుపెడతాడు. తేనెటీగల పెంపకం, గ్రహణాలు, రోము చక్రవర్తులు, మధుమేహం, ఇంటి మరమ్మతులు, అన్నీ వరసగా చదివాను. ఆ వరస బీరువాది, నాది కాదు. ఇలా సంపాదించిన చదువుకి ఒక సుఖం ఉంది. ఎవరికి ఏ కష్టం వచ్చినా దాని పక్క షెల్ఫులోది నాకు తెలిసి ఉంటుంది.

కిందటి వేసవిలో, సముద్రంలో చేపల వేట నిషేధం రోజుల్లో, మా అప్ప ఫోన్ చేసింది. అప్ప అంటే మా వైపు అక్క. కోటబొమ్మాళిలో బస్సు దిగి, ఆటోలో సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు ఆమె అత్తవారిది. పిల్లల కబుర్లు, ఎండ కబుర్లు అయ్యాక అసలు సంగతి అడిగింది.

"ఒరే, నువ్వు సదివినవాట్లో పడవల గురించి ఏటైనా ఉన్నాదా?"

ఇన్నేళ్లుగా మా వాళ్లు ఒక్కరైనా ఈ ప్రశ్న అడుగుతారని ఎదురుచూస్తున్నాను. పడవల గురించి ఏమీ చదవలేదు. ఉందని చెప్పి, కొట్లో సెలవు పెట్టి బయల్దేరాను.

సంగతేమిటంటే, బావ పడవ కారుతోంది. అది చిన్న ఫైబరు పడవ. బావ, ఇద్దరు కలాసీలు, వల, మంచినీళ్ల డబ్బా పడితే ఇంక చోటు ఉండదు. వెనక చిన్న ఇంజను, మధ్యలో తెరచాప గుంజ. పొద్దున్న ఇంజను మీద పోయి, గాలి తిరిగాక నూనె ఖర్చు లేకుండా చాప మీద తిరిగి రావడం బావ పద్ధతి. ఆ చాప మా అప్ప స్వయంగా కుట్టింది, పసుపు గుడ్డ, నీలం గుడ్డ కలిపి. దూరం నుంచి చూస్తే ఎవరిదో పెళ్లి పందిరి కొట్టుకొస్తున్నట్టు ఉంటుంది.

నిషేధానికి ముందు నెల నుంచి ఈ పడవ నీరు పట్టడం మొదలుపెట్టింది. కలాసీల్లో ఒకడు వల లాగాలి, ఒకడు చుక్కాని చూసుకోవాలి. ఇద్దరూ డబ్బాలు పట్టుకుని నీళ్లు తోడుతూ కూర్చుంటే వేట ఎవరు చేస్తారు? వాళ్లు మర్యాదగానే చెప్పారు. నిషేధం ఎత్తేసేనాటికి పడవ బాగవకపోతే పెద్దమావ పడవలోకి పోతామన్నారు. పెద్దమావ ఆ ఊరి కులపెద్ద. ఒడ్డు మీద అన్నిటికంటే గట్టి పడవ ఆయనదే. అది ఏనాడూ చుక్క నీరు పట్టలేదని ఆయన రోజూ గుర్తుచేస్తాడు.

కలాసీలు పోతే బావకి మిగిలే దారి వీరావల్. అక్కడి పెద్ద బోట్లకి మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీ అప్పటికే ఊళ్లోకి వచ్చి పేర్లు అడుగుతున్నాడు. ఒకసారి వెళ్తే నెలల తరబడి గుజరాత్ సముద్రమే. గాలికి కొట్టుకుపోయి గీత దాటి, అవతలి దేశం జైల్లో పడ్డవాళ్ల ఇళ్లు ఆ వీధిలోనే ఉన్నాయి. బావ పెళ్లి కాకముందు ఒకసారి వెళ్లొచ్చాడు. ఈసారి వెళ్తే మా అప్ప ఒప్పుకోదు, వెళ్లకపోతే పొయ్యి ఒప్పుకోదు. నన్ను పిలిపించింది అందుకు.

ఒడ్డుకి వెళ్లేసరికి ఊరు దర్యాప్తు పూర్తిచేసి ఉంది. నేరస్థురాలు మా అప్ప చాప. ఎందుకంటే, బావే చెప్పాడు, ఇంజను మీద పోతే పడవ చుక్క నీరు పట్టదు, చాప ఎత్తితే చాలు వెనకాల మడమలు మునుగుతాయి. చాప ఎత్తితేనే నీరొస్తోంది గనక నీరు చాపలోంచే వస్తోందని ఊరు తేల్చింది. రెండు రంగుల చాప అందరి కళ్లలో పడింది, దిష్టి తగిలింది, పడవ ఏడుస్తోంది. ఈ చివరి మాట పెద్దమావది. ఆయన సలహా మీద బావ గుంజకి నిమ్మకాయలు కట్టాడు, ఎండుమిరపకాయలు కట్టాడు, పాత చెప్పు కట్టాడు. అవన్నీ గాలికి ఊగుతుండగా పడవ ఏడుస్తూనే ఉంది.

"నా కుట్టుకి దిష్టేటి," అంది మా అప్ప. "కుట్టేటప్పుడు ఒక్కడైనా బాగుందన్నాడా?"

నేను పని మొదలుపెట్టాను. మొదటి పరీక్ష అందరికీ తెలిసిందే. ఒడ్డు మీదున్న పడవలో నీళ్లు నింపి, బయట ఎక్కడ చెమ్మగిల్లుతుందో చూడాలి. లోపలికి దూరేది బయటికీ రావాలి గదా. బావ, కలాసీలు బిందెలు మోశారు. నేను పడవ చుట్టూ తిరుగుతూ పర్యవేక్షించాను. వెనక భాగం నిండింది, మధ్య భాగం నిండింది. సాయంత్రందాకా చూశాం. పిల్లలు దిగి ఈదారు. ఒక్క చుక్క బయటికి రాలేదు. సముద్రంలో కారే పడవ ఒడ్డు మీద కారడం లేదంటే దిష్టి కాక ఇంకేమిటని పెద్దమావ అడిగాడు. నిలవ నీటికీ అలకీ ఉండే ఒత్తిడి తేడా గురించి నేను కొంత వివరించాను. ఆయన విని, నిమ్మకాయలు మార్చమని బావకి చెప్పాడు.

రెండో పరీక్ష పొగ. ఇది ఇంటి మరమ్మతుల పుస్తకంలోది, పొయ్యి గొట్టం అధ్యాయం. నీళ్లు తోడేసి, పడవ మీద టార్పాలిన్ పట్టా బిగించి కప్పి, లోపల సాంబ్రాణి వేశాం. చిల్లు ఎక్కడుంటే అక్కణ్ణించి పొగ రావాలి. వచ్చింది కూడా, ధారాళంగా. పట్టాకి ఎన్ని చిల్లులు ఉన్నాయో అన్నీ దొరికాయి. పడవది ఒక్కటీ దొరకలేదు. కాకపోతే ఒడ్డంతా సాంబ్రాణి వాసన పట్టి, ఇళ్లలోంచి ఆడవాళ్లు ఏదో పూజ జరుగుతోందనుకుని స్నానాలు చేసి వచ్చారు. అప్పటికి దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

మూడో రోజు నేను పడవ పక్కన ఇసకలో కూర్చుని దాని వంక చూశాను. పుస్తకాలు చదివేవాళ్లు ఇలా కూర్చోవడాన్ని ఆలోచన అంటారు, మా అప్ప అత్తగారు వేరే పేరు పెట్టింది. అలా చూస్తుంటే ఒక సంగతి తోచింది. మా వాళ్ల పడవలన్నీ ఒడ్డు మీద మొహం పైకెత్తుకునే ఉంటాయి. పడవ ముక్కు గంగమ్మ మొహం. అక్కడే పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, పండగనాడు దండ వేస్తారు. అక్కడ కాలు తగలనివ్వరు, ఆ భాగం కిందికి దించరు. కాబట్టి ఎన్ని బిందెలు పోసినా నీరంతా వెనక్కే చేరుతుంది, మొహం దాకా ఎక్కదు. మేము పరీక్షించింది పడవలో ముప్పాతిక మాత్రమే. ఇంటి కప్పుల అధ్యాయంలో ఒక మాట చదివాను, గోడ మీద మరక కనిపించిన చోటే చిల్లు ఉండక్కర్లేదని. చాప ఎత్తినప్పుడు గాలికి పడవ పక్కకి వాలి ముక్కు అలలోకి దిగుతుంది. దూరడం ముందు, చేరడం వెనక కావచ్చు గదా.

వెనక భాగం ఎత్తి, ముక్కు కిందికి దించి నీళ్లు నింపుదామన్నాను. కలాసీలు ఒక అడుగు వెనక్కి వేశారు. బావ నెమ్మదైన మనిషి. నన్ను ఆ ఊరి అల్లుణ్ణి చూసినంత గౌరవంగా చూస్తాడు. ఆయన కూడా మొహం ముడుచుకున్నాడు.

"అమ్మోరి మొహం ఇసకలో పెట్టమంటావేటి బామ్మర్దీ?"

ఇది నేను చదివిన ఏ షెల్ఫులోనూ లేదు. మా అప్ప బిందె చంకన పెట్టుకుని ఉంది, దించకుండానే చెప్పింది.

"అమ్మోరైనా తలంటు పోసుకున్నప్పుడు తల వంచదా? నిలబడే పోసుకుంటాదేటి?"

కలాసీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావ వెనక ఎత్తడానికి దుంగలు తెమ్మన్నాడు. వేదాంతం మీద నేను చదివినవన్నీ కలిపినా ఒక పడవని జానెడు ఎత్తలేకపోయేవి.

అయితే సన్నటి చెమ్మ కంటికి కనిపించదు. ఎండకి బయటికి రాగానే ఆరిపోతుంది. దీనికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది, మధుమేహం పుస్తకం పక్కనే ఉన్న సైన్సు పుస్తకంలోది. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పడవ బయటంతా పసుపు గంజిలో కలిపి పూసి ఆరబెట్టి, లోపల సున్నపు తేట నింపితే, చిల్లున్న చోట ఎర్రటి మచ్చ పడుతుంది. ఈ సంగతి మా అప్పకి కొంచెం విస్తరించి, క్షారం అంటే ఏమిటో కూడా చెప్పాను.

"పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడతాదని తెల్సుకోడానికి రాజాం దాకా ఎల్లావేట్రా?" అంది మా అప్ప. "పారాణి దేంతో సేస్తారనుకున్నావు?"

గోడలకి వేసే సున్నం తొట్టెలో కలిపి తేర్చాం. పసుపు మాత్రం వీధి వీధంతా ఇచ్చింది. పడవంతటికీ పసుపు రాయడమంటే ఆడవాళ్లకి అది ఇంక పరీక్ష కాదు. సాంబ్రాణి వేశారు, తలంటు అన్నారు, ఇప్పుడు పసుపు. వరస సరిగ్గానే ఉంది. కొంగులు బిగించి తలో చెయ్యి వేసి, పొద్దెక్కేసరికి పడవని పెళ్లికూతుర్ని చేశారు. లోపల మేము పోసింది సున్నపు తేట అని మా నలుగురికీ, మా అప్పకీ తప్ప ఎవరికీ తెలియదు. దాచలేదు, ఎవరూ అడగలేదు.

తేట ముక్కు దాకా నిండింది. అందరం చూస్తున్నాం. కాసేపటికి ముక్కుకి పైవైపు, సరిగ్గా నడినొసట, ఆవగింజంత ఎర్ర చుక్క లేచింది. చూస్తుండగానే రూపాయి బిళ్లంత అయింది. తర్వాత అందులోంచి సన్నటి ఎర్ర గీత కిందికి దిగింది.

నేను గెలిచాను. చూశారా అని వెనక్కి తిరిగాను. నా వెనక ఒడ్డు ఒడ్డంతా చేతులు జోడించి నిలబడి ఉంది.

దిష్టి తియ్యడానికి పసుపు నీళ్లలో సున్నం వేసి ఎర్రనీళ్లు చేసే చేతులే అవి, వారం వారం చేసేవే. ఆ చేతులే ఇప్పుడు చెంపలు వేసుకుంటున్నాయి. అమ్మోరు తన బొట్టు తానే పెట్టుకుంది. ఎవరో కర్పూరం వెలిగించారు. కొబ్బరికాయలకి మనిషి పరిగెత్తాడు. నేను మా బావ చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకెళ్లి పసుపు కాస్త గోకి చూపించాను. సన్నటి మేకు, తల తుప్పుపట్టి విరిగిపోయి, చుట్టూ ఫైబరు పగిలి ఉంది. కిందటి పండక్కి అమ్మవారి దండ జారిపోతోందని బావే కొట్టిన మేకు. నీటి గీతకి బాగా పైన ఉంది గనక ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. చాప పడవని పక్కకి వాల్చినప్పుడల్లా అల వచ్చి దాన్ని వెతుక్కుంది.

ఇక చిల్లు మూసేస్తే సరి. అంతలో పెద్దమావ వచ్చాడు. పెద్దవాడు గనక ఇలాంటప్పుడు ఏదో ఒకటి తేల్చాలి. గుంపు దారి ఇచ్చింది. ఆయన బొట్టు చూశాడు, నన్ను చూశాడు. సున్నపు తేట సంగతి మొదటినుంచి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"లోపలంతా సున్నం నీరేనంటావు."

అవునన్నాను.

"ఒళ్లంతా పసుపేనంటావు. మరి నొసట్నే ఎందుకెర్రబడింది?"

అక్కడ బెజ్జం ఉంది గనక అన్నాను.

"బెజ్జం నొసట్నే ఎందుకున్నాది?"

దండ కోసం అక్కడ మేకు కొట్టారు గనక అన్నాను.

"అమ్మోరి దండకి కొట్టిన మేకు, అమ్మోరి నొసట. నువ్వే సెప్తన్నావు గదా నాయనా," అని నా భుజం తట్టాడు. అంతవరకు తర్కంలో నేనెవరికీ తీసిపోనని అనుకునేవాణ్ణి.

ఆ బొట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని ఆయన తీర్పు చెప్పాడు. ఊరు సరేనంది. అలా, చిల్లు దొరకనంతకాలం మూసుకోడానికి అందరూ ఒప్పుకున్న పడవకి, చిల్లు దొరికాక మూసే వీల్లేకుండా పోయింది.

విచిత్రమేమిటంటే కలాసీలకి ధైర్యం వచ్చేసింది. కారే పడవ ఎక్కం అన్నవాళ్లు, కారే దేవత పడవ ఎక్కుతామన్నారు. నీళ్లు తోడటం ఇప్పుడు చాకిరీ కాదు, సేవ. పెద్దమావ పడవలోంచి కూడా ఒకతను చోటుందా అని అడిగి వెళ్లాడు. బావ నవ్వలేదు. ఆ సాయంత్రం వంట గదిలో మా అప్ప చేపల పులుసు కలుపుతూ, కారే పడవ ఎక్కితే ఊరుకోనని, దేవత ఉన్నా ఊరుకోనని మెల్లిగా చెప్పింది. దేవతకి ఈత వచ్చు, నీకు వచ్చు, నడిసముద్రంలో ఆ ఈత ఎంతసేపు అంది. అయితే వీరావల్ పోతానన్నాడు బావ. మేస్త్రీ బస్సు ఎల్లుండి పొద్దున్న.

చిల్లు కనిపెట్టడం నా పని అనుకున్నాను. కనిపెట్టినదాన్ని ఇప్పుడు కనిపించకుండా చెయ్యడం ఎలాగో ఎక్కడా చదవలేదు.

మర్నాడు పొద్దున్నే బావ నన్ను వెంటబెట్టుకుని పెద్దమావ ఇంటికి వెళ్లాడు. ఆయన అరుగు మీద వల అల్లుకుంటున్నాడు. బావ అరుగు కింద నిలబడి, ఎప్పుడూ మాట్లాడనంత పొడుగు మాట మాట్లాడాడు.

"మావా, అమ్మోరు బొట్టెట్టుకున్నాది, మంచిదే. పసుపు బొట్టు గదా, తొలి అలకే సెరిగిపోతాది. బొట్టు సెరిగిన మొహంతో అమ్మోర్ని సముద్రం మీదికి తోల్తామా? ముత్తయిదువని?"

పెద్దమావ చేతిలో వల ఆగింది. ఇది ఆయనకి తట్టలేదు. చెరిగిపోతుందని తెలిసి పంపితే పాపం ఎవరి ఖాతాలో పడుతుందో ఆలోచిస్తున్నట్టు కళ్లు చిట్లించాడు. ఏటి సేద్దామంటావురా అని అడిగాడు.

"సెరగని బొట్టెడదాం," అన్నాడు బావ.

మధ్యాహ్నానికి ఏర్పాటైంది. ఫైబరు పడవలవాళ్లందరి ఇళ్లలో ఉండేవే, ఫైబరు గుడ్డ ముక్క, జిగురు, గట్టిపరిచే మందు. అందులో బావ ఎర్ర రంగు కలిపాడు. ముందు విరిగిన మేకుని పటకారుతో పీకేశాడు. లోపలివైపు ఒక గుడ్డ అతికించి, బయటివైపు అరచేతి వెడల్పున గుండ్రంగా ఇంకొకటి అతికించి, ఉప్పుకాగితంతో అంచులు నున్నగా రుద్దాడు. రుద్దినంతసేపూ ఆడవాళ్లు పాడారు. పెద్దమావ స్వయంగా హారతి ఇచ్చాడు. పడవ మరమ్మత్తు అంత శ్రద్ధగా జరగడం ఆ ఒడ్డు ఎన్నడూ చూసి ఉండదు. జిగురు గట్టిపడేదాకా ఒక్కరూ ముట్టుకోలేదు, పిల్లలు కూడా. మామూలు రోజుల్లో అయితే తడి జిగురు మీద కనీసం ఒక కుక్క అయినా నడుస్తుంది.

మర్నాడు మేస్త్రీ బస్సు వచ్చింది. బావ పేరు పిలిస్తే మా అప్ప గుమ్మంలోంచి, ఆయన పడవకి వల ఎక్కిస్తన్నాడు, రాడని చెప్పింది. గట్టిగా చెప్పలేదు. బస్సు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఎక్కినవాళ్లలో పక్కింటి కుర్రాడు ఉన్నాడు.

నిషేధం ఎత్తేసిన రోజు నేను ఒడ్డు మీదే ఉన్నాను. పొద్దున్న పడవలన్నీ ఇంజన్ల మీద వెళ్లిపోయాయి. గాలి తిరిగాక పసుపు నీలం చాప కనిపించింది, పక్కకి బాగా వాలి, ముక్కు అలల్లో ముంచుతూ లేపుతూ వస్తోంది. మా అప్ప చాప వంక చూడలేదు, పడవ వెనక భాగం ఎంత కిందికి దిగి ఉందో చూస్తోంది. పడవ ఇసకలోకి ఎక్కగానే చేపల బుట్ట కంటే ముందు లోపలికి వంగి, అడుగున చెయ్యి పెట్టింది. చెయ్యి పొడిగా పైకి వచ్చింది. కొంచెం చేప పొలుసు అంటుకుంది, అంతే.

నీళ్లు తోడే డబ్బాని ఆవిడ ఇంటికి తీసుకొచ్చేసింది. కనకాంబరం మొక్క పెడతానంది. డబ్బా అడుగున నీరు దిగడానికి చిల్లు కావాలి గదా, దానికి బావ ఇంకో మేకు తెచ్చి కొట్టాడు.

నేను రాజాం బయల్దేరే ముందు పెద్దమావ కనిపించాడు. మొహం వాడి ఉంది. మేము చేసినట్టే ఆయనా తన పడవ ముక్కు దించి, పసుపు పూయించి, సున్నపు తేట నింపాడట. ఏమీ రాలేదు. ఎక్కడా ఆవగింజంత ఎరుపు లేదు. ఏనాడూ చుక్క నీరు పట్టని పడవ మరి. ఆ పడవలో అమ్మోరు లేదని ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి, ఇద్దరు కలాసీలు బావ దగ్గరికి పోతామంటున్నారట. ఇదంతా చెప్పి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి నన్ను అడిగాడు.

"నువ్వు సదివినోడివి. మీ బావ ఆ మేకు ఎంత పొడుగుది కొట్టాడో నీకు తెల్సా?"